కొత్త ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేస్తున్నారా? ఉబుంటు, మింట్, ఫెడోరా, కాలీ.. బీటెక్ స్టూడెంట్స్‌కు ఏది బెస్ట్? ఆ 48 అంకెల కీ లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు!

కాలేజీలో చేరగానే కొత్త ల్యాప్‌టాప్.. ఆ వెంటనే లైనక్స్ వేయాలన్న ఉత్సాహం. కానీ వందల రకాల లైనక్స్‌లలో ఏది ఎంచుకోవాలి? సీనియర్ చెప్పింది వేసేయొచ్చా? విండోస్ ఉంచాలా.. తీసేయాలా? ఇన్‌స్టాల్ చేసే ముందు చూసుకోవాల్సిన మూడు విషయాలు, చాలామంది చేసే ఒక పెద్ద తప్పు.. ఇవీ పూర్తి వివరాలు.

కౌన్సెలింగ్ అయిపోయింది.. సీటొచ్చింది.. హాస్టల్‌లో రూమ్ కూడా దొరికింది. ఇంట్లోవాళ్లు ఈఎంఐలో కొనిచ్చిన ల్యాప్‌టాప్ స్టిక్కర్లు కూడా ఇంకా తీయలేదు. ఇంతలో పక్క రూమ్ సీనియర్ వచ్చి 'ఏంట్రా.. ఇంకా విండోసేనా? సీఎస్ఈ అంటే లైనక్స్ ఉండాలి' అంటాడు. అంతే.. రాత్రికి రాత్రే పెన్‌డ్రైవ్ రెడీ. తెల్లారేసరికి విండోస్ పోయింది, వైఫై రావడం లేదు, సోమవారం ల్యాబ్. ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియదు. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ హాస్టళ్లలో ఇలాంటి సీన్ ఒకటైనా కనిపిస్తుంది.

లైనక్స్ నేర్చుకోవడం మంచిదే. అందులో డౌట్ లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది లైనక్స్ కెర్నలే. ప్రపంచంలో టాప్ 500 సూపర్ కంప్యూటర్లు 2017 నవంబర్ జాబితా నుంచి అన్నీ లైనక్స్ మీదే నడుస్తున్నాయి. క్లౌడ్ సర్వర్లలోనూ దీనిదే హవా. రేపు ఉద్యోగంలో చేరాక బ్లాక్ స్క్రీన్ మీద కమాండ్లు కొట్టాల్సి వస్తే ఈ నాలుగేళ్ల అలవాటే పనికొస్తుంది. కాకపోతే ఏది వేయాలి, ఎలా వేయాలి అన్న దగ్గరే చాలామంది తడబడుతున్నారు.

అసలు డిస్ట్రో అంటే ఏంటి?

1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి యూనివర్సిటీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల స్టూడెంట్ మొదలుపెట్టిన ప్రాజెక్టే లైనక్స్. నిజానికి లైనక్స్ అంటే కెర్నల్ మాత్రమే. అంటే హార్డ్‌వేర్‌ను నడిపించే ఇంజిన్ లాంటిది.

ఆర్టీసీ బస్సులనే తీసుకోండి. ఇంజిన్, ఛాసిస్ కంపెనీ నుంచి వస్తాయి. దానిపై కట్టే బాడీని బట్టి ఒకటి పల్లె వెలుగు అవుతుంది, ఇంకోటి ఎక్స్‌ప్రెస్, మరొకటి సూపర్ లగ్జరీ. లైనక్స్ కూడా అంతే. అదే కెర్నల్ మీద డెస్క్‌టాప్, బ్రౌజర్, సెట్టింగ్స్, సాఫ్ట్‌వేర్ స్టోర్ అన్నీ కలిపి ప్యాక్ చేసి ఇస్తే దాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. షార్ట్‌గా డిస్ట్రో. ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్, ఆర్చ్, కాలీ.. ఇవన్నీ అలాంటివే.

కాబట్టి ఒక దాంట్లో నేర్చుకున్న కమాండ్లు చాలావరకు ఇంకో దాంట్లోనూ పనిచేస్తాయి. సీ ప్రోగ్రామ్ ఉబుంటులో కంపైల్ చేసినా, ఫెడోరాలో చేసినా అదే జీసీసీ. తేడా అంతా అప్‌డేట్స్ ఎంత తరచుగా వస్తాయి, కొత్త హార్డ్‌వేర్‌ను ఎంత త్వరగా గుర్తుపడుతుంది, పాడైతే ఎంత సులువుగా బాగుచేసుకోవచ్చు అన్న దగ్గరే. అందుకే డిస్ట్రో పేరు చూసే ముందు మూడు ప్రశ్నలకు సమాధానం చూసుకోవాలి.

మొదటి ప్రశ్న: మీ బ్రాంచ్‌కి ఏం కావాలి?

సీఎస్ఈ, ఐటీ, ఏఐ-ఎంఎల్ వాళ్లకు పెద్దగా ఇబ్బంది లేదు. సీ, పైథాన్, జావా, గిట్, డాకర్.. అన్నీ లైనక్స్‌లో హాయిగా నడుస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో ఫోర్క్, పైప్ లాంటి ప్రోగ్రామ్స్ రాయాలంటే లైనక్స్ ఉంటేనే సుఖం.

ఈసీఈ వాళ్లది మిక్స్‌డ్ పరిస్థితి. వీఎల్ఎస్ఐలో వాడే కేడెన్స్, సినాప్సిస్ టూల్స్ లైనక్స్ మీదే నడుస్తాయి. మ్యాట్‌ల్యాబ్‌కు, వివాడోకు లైనక్స్ వెర్షన్లు ఉన్నాయి. కానీ మైక్రోకంట్రోలర్ ల్యాబ్‌లో వాడే కైల్ మైక్రోవిజన్, సర్క్యూట్ల కోసం వాడే ప్రోటియస్ మాత్రం విండోస్ సాఫ్ట్‌వేర్లు.

మెకానికల్, సివిల్ వాళ్లైతే విండోస్ తీసేసే ఆలోచనే పెట్టుకోవద్దు. ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్, రెవిట్, స్టాడ్ ప్రో.. వీటికి లైనక్స్ వెర్షన్లు లేవు.

బ్రాంచ్ ఏదైనా మర్చిపోకూడని విషయం ఇంకోటి ఉంది. అదే ఆన్‌లైన్ ఎగ్జామ్. చాలా విద్యాసంస్థలు వాడే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌కు విండోస్, మ్యాక్, ఐప్యాడ్ వెర్షన్లున్నాయి కానీ లైనక్స్ వెర్షన్ లేదు. ప్లేస్‌మెంట్ టెస్టుల్లో వెబ్‌క్యామ్‌తో నిఘా పెట్టే యాప్స్ కొన్నింటిది కూడా ఇదే కథ. టెస్ట్ స్టార్ట్ అవడానికి పది నిమిషాల ముందు ఈ సంగతి తెలిస్తే చేయగలిగేదేమీ ఉండదు. అందుకే ఏ బ్రాంచ్ వాళ్లకైనా సేఫ్ దారి ఒకటే.. విండోస్ ఉంచుకుని, పక్కనే లైనక్స్ వేసుకోవడం. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు. ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది.

రెండో ప్రశ్న: మీ ల్యాప్‌టాప్ ఎంత కొత్తది?

వినడానికి వింతగా ఉంటుంది కానీ.. లైనక్స్‌కు మరీ పాత ల్యాప్‌టాప్‌తో కంటే మరీ కొత్త ల్యాప్‌టాప్‌తోనే ఎక్కువ ఇబ్బంది. కారణం డ్రైవర్లు. లైనక్స్‌లో చాలా డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉంటాయి. నిన్నగాక మొన్న మార్కెట్లోకి వచ్చిన వైఫై చిప్‌కు డ్రైవర్ ఏడాది కిందటి కెర్నల్‌లో ఉండదు. అప్పుడు ఇన్‌స్టాల్ అంతా బాగానే అవుతుంది.. తీరా చూస్తే వైఫై గుర్తే కనిపించదు.

అలాంటి టైమ్‌లో కంగారు పడొద్దు. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ల్యాప్‌టాప్‌కు నెట్ వస్తుంది. ఆ నెట్‌తో అప్‌డేట్స్ పెడితే కొత్త కెర్నల్ వచ్చి చాలాసార్లు సమస్య తీరిపోతుంది.

ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే ఇంకో మెలిక. ఎన్విడియా డ్రైవర్‌ను విడిగా వేసుకోవాలి. ఉబుంటులో 'అడిషనల్ డ్రైవర్స్', మింట్‌లో 'డ్రైవర్ మేనేజర్' ఓపెన్ చేసి క్లిక్ చేస్తే పని అయిపోతుంది. ఫెడోరాలో అయితే ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే అదనపు సోర్స్ జత చేసుకోవాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేశాక రీస్టార్ట్ చేసినప్పుడు ఒక నీలం స్క్రీన్ వస్తుంది. అది ఎర్రర్ కాదు. అక్కడ 'ఎన్‌రోల్ మోక్' సెలెక్ట్ చేసి, ముందు మీరు పెట్టిన పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామంది దాన్ని చూసి భయపడి 'కంటిన్యూ బూట్' నొక్కేస్తారు. ఆ తర్వాత డ్రైవర్ ఎందుకు పనిచేయడం లేదో అర్థం కాక తల పట్టుకుంటారు.

అక్క వాడిన పాత ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్ ఉన్నది మీకు వచ్చిందా? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఫ్రీ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి పనికిరాని అలాంటి మెషీన్లకు తేలికగా ఉండే లైనక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ లేదా లుబుంటు మంచి ఆప్షన్.

మూడో ప్రశ్న: పాడైతే ఎవరు చూస్తారు?

అందరూ వదిలేసే ప్రశ్న ఇదే. నిజానికి డిస్ట్రోను తేల్చాల్సింది కూడా ఇదే. మీ ల్యాబ్‌లో ఉబుంటు ఉందా? ఫ్రెండ్స్‌లో ఎక్కువమంది మింట్ వాడుతున్నారా? అయితే మీకూ అదే మేలు. రాత్రి 11 గంటలకు స్క్రీన్ నల్లగా అయిపోతే పక్క రూమ్‌లో తలుపు కొట్టి అడగగలిగే డిస్ట్రోకు ఉన్న విలువ, ఫీచర్లు ఎక్కువున్న డిస్ట్రోకు ఉండదు. మింట్ ఉబుంటు ఆధారంగానే తయారవుతుంది కాబట్టి ఉబుంటు కోసం చెప్పిన పరిష్కారాలు చాలావరకు మింట్‌లోనూ పనిచేస్తాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో అడ్వాంటేజ్ కూడా ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' అనే స్వచ్ఛంద సంస్థ ఏళ్లుగా ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తోంది. తెలుగులో కనిపించే లైనక్స్‌ను కూడా తయారు చేసింది. గ్లగ్ పేరుతో స్టూడెంట్ గ్రూప్ మీ కాలేజీలో ఉందేమో కనుక్కోండి. ఇక ఐఐటీ బాంబే నడిపే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో లైనక్స్ పాఠాలు తెలుగు ఆడియోతో ఉచితంగా దొరుకుతాయి.

మరి ఏది ఎవరికి?

ఉబుంటు ఎల్‌టీఎస్: ఫస్టియర్ స్టూడెంట్‌కు కళ్లు మూసుకుని చెప్పగలిగే పేరు ఇదే. ఎల్‌టీఎస్ అంటే ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్. రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తుంది. 5 ఏళ్ల పాటు సెక్యూరిటీ అప్‌డేట్స్ ఇస్తారు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 24.04కి 2029 వరకు సపోర్ట్ ఉంది. బీటెక్ 4 ఏళ్లు.. ఎల్‌టీఎస్ 5 ఏళ్లు. మీరు చేరే నాటికి వచ్చిన లేటెస్ట్ ఎల్‌టీఎస్ వేసుకుంటే చదువు అయ్యేలోపు దాన్ని మార్చాల్సిన అవసరం దాదాపుగా రాదు. డౌన్‌లోడ్ పేజీలో ఎల్‌టీఎస్ కాని వెర్షన్ కూడా కనిపిస్తుంది. దానికి 9 నెలలే సపోర్ట్. అది వద్దు.

లైనక్స్ మింట్: విండోస్‌కు అలవాటు పడిన చేతికి ఇదే సులువు. కింద టాస్క్‌బార్, మూల మెనూ.. అన్నీ తెలిసిన చోటే ఉంటాయి. ఉబుంటు ఎల్‌టీఎస్ మీద కట్టింది కాబట్టి సపోర్ట్ కూడా అంతే. కాకపోతే మరీ కొత్త హార్డ్‌వేర్ అయితే ముందు టెస్ట్ చేసి చూసుకోవాలి.

ఫెడోరా: ల్యాప్‌టాప్ చాలా కొత్తదై ఉబుంటులో వైఫై, టచ్‌ప్యాడ్ పనిచేయకపోతే ఇది ట్రై చేయొచ్చు. కొత్త కెర్నల్స్ ఇందులో త్వరగా వస్తాయి. రెడ్ హ్యాట్ వెనకుండి నడిపించే ప్రాజెక్ట్ ఇది. అయితే సుమారు 6 నెలలకో కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కో వెర్షన్‌కు సపోర్ట్ 13 నెలలే. అంటే ఏడాదికోసారైనా పెద్ద అప్‌గ్రేడ్ తప్పదు. దాన్ని సెలవుల్లో పెట్టుకుంటే గొడవ ఉండదు.

డెబియన్: 1993 నుంచి ఉన్న పాత కాపు. ఉబుంటుకు తల్లి లాంటిది. నిలకడకు పెట్టింది పేరు. సాఫ్ట్‌వేర్లు కాస్త పాతవి ఉంటాయి. సీ-డాక్ తయారు చేసిన మన దేశ లైనక్స్ 'బాస్' కూడా దీని ఆధారంగానే వచ్చింది.

ఆర్చ్: ఇందులో వెర్షన్లు ఉండవు, అప్‌డేట్స్ వస్తూనే ఉంటాయి. లైనక్స్ లోపల ఏం జరుగుతుందో నేర్చుకోవాలంటే అద్భుతం. కానీ ఉన్న ఒక్క ల్యాప్‌టాప్‌లో, అదీ సెమిస్టర్ ఎగ్జామ్స్ ముందు అప్‌డేట్ కొట్టి ఏదైనా ఆగిపోతే బాగుచేసుకోవాల్సింది మీరే. సెకండియర్, థర్డ్ ఇయర్‌లో చేతికి కాస్త అలవాటయ్యాక చూడొచ్చు.

కాలీ: హ్యాకింగ్ అనగానే అందరి నోటా వచ్చే పేరు. డ్రాగన్ వాల్‌పేపర్ చూసి వేసేసుకునేవాళ్లకు కొదవలేదు. కానీ ఇది సెక్యూరిటీ టెస్టింగ్ చేసే నిపుణుల కోసం తయారైంది. లైనక్స్ కొత్తవాళ్లకు, రోజువారీ డెస్క్‌టాప్‌గా వాడుకోవాలనుకునేవాళ్లకు ఇది సరైనది కాదని కాలీ తయారుచేసే వాళ్లే తమ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా చెబుతున్నారు. సైబర్ సెక్యూరిటీ మీద ఇంట్రెస్ట్ ఉంటే వర్చువల్‌బాక్స్‌లో పెట్టుకోండి. దానికి కావాల్సిన రెడీమేడ్ ఫైల్‌ను వాళ్లే ఇస్తున్నారు. ఇంకో మాట.. కాలేజీ వైఫై మీద ప్రయోగాలు చేయడం సరదా కాదు. అనుమతి లేకుండా ఇతరుల నెట్‌వర్క్‌లో చొరబడితే ఐటీ చట్టం కింద నేరం.

అసలు ప్రమాదం డిస్ట్రోలో లేదు.. ఆ 48 అంకెల్లో ఉంది!

ఏ డిస్ట్రో ఎంచుకున్నా మహా అయితే నచ్చకపోవచ్చు. ఇంకోటి వేసుకోవచ్చు. కానీ ఫైల్స్ పోతే మళ్లీ రావు. అసలు నష్టం జరిగేది ఇక్కడే.

విండోస్ 11తో వచ్చే కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే చాలావాటిలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతుంది. బిట్‌లాకర్ టెక్నాలజీతో డిస్క్ మొత్తానికి తాళం పడుతుంది. ఆ సంగతి ల్యాప్‌టాప్ ఓనర్‌కు తెలియను కూడా తెలియదు. రోజూ వాడుకునేటప్పుడు ఏ తేడా ఉండదు. కానీ లైనక్స్ వేయడానికి బయోస్‌లో సెక్యూర్ బూట్ లాంటి సెట్టింగ్స్ మార్చితే.. విండోస్‌కు అనుమానం వస్తుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది.

ఆ కీ ఎక్కడుంటుంది? మొదటిసారి సెటప్ చేసిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో. ఆ అకౌంట్ ఎవరిది? చిక్కంతా ఇక్కడే. షాపులో కుర్రాడు అప్పటికప్పుడు ఏదో మెయిల్ ఐడీ పెట్టి సెటప్ చేసి ఇచ్చి ఉంటాడు. లేదంటే అన్నయ్య అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటారు. ఆ ఐడీ, పాస్‌వర్డ్ గుర్తులేకపోతే కీ దొరకదు. పోయిన కీని మైక్రోసాఫ్ట్ సపోర్ట్ వాళ్లు కూడా తిరిగి ఇవ్వలేరు. ఇక మిగిలేది ఫార్మాట్ ఒక్కటే. నోట్స్, ప్రాజెక్ట్, ఫొటోలు.. అన్నీ పోయినట్టే.

అందుకే లైనక్స్ వేసే ముందు ఈ వరుస తప్పొద్దు:

1. ల్యాప్‌టాప్‌లో ఉన్న అకౌంట్ మీదేనా చూసుకోండి. సెట్టింగ్స్‌లో 'అకౌంట్స్' ఓపెన్ చేస్తే మెయిల్ ఐడీ కనిపిస్తుంది. మీది కాకపోతే ముందు మీ అకౌంట్‌కు మార్చుకోండి.

2. ఫోన్ బ్రౌజర్‌లో అదే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి, 'డివైసెస్' కింద బిట్‌లాకర్ రికవరీ కీ ఉందో లేదో చూడండి. 48 అంకెలూ పుస్తకంలో రాసుకోండి. స్క్రీన్‌షాట్ తీసి అదే ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటే ఉపయోగం లేదు.

3. ముఖ్యమైన ఫైల్స్ పెన్‌డ్రైవ్‌లోకో, క్లౌడ్‌లోకో కాపీ చేయండి. ల్యాప్‌టాప్‌తో పాటు ఎంఎస్ ఆఫీస్ వచ్చి ఉంటే దాన్ని కూడా ముందే మీ అకౌంట్‌తో యాక్టివేట్ చేసుకోండి.

4. విండోస్‌లోనే 'డిస్క్ మేనేజ్‌మెంట్' ఓపెన్ చేసి సీ డ్రైవ్‌ను ష్రింక్ చేసి ఖాళీ చేయండి. 512 జీబీ డిస్క్ ఉంటే లైనక్స్‌కు 100 జీబీ సరిపోతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' ఆఫ్ చేయండి.

5. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'ఎరేజ్ డిస్క్' అన్న ఆప్షన్ జోలికి వెళ్లొద్దు. అది నొక్కితే విండోస్, ఫైల్స్, కంపెనీ ఇచ్చిన రికవరీ పార్టిషన్.. మొత్తం తుడిచిపెట్టుకుపోతాయి. విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్ గానీ, మీరు ఖాళీ చేసిన ఆ 100 జీబీ గానీ సెలెక్ట్ చేసుకోవాలి.

ఇన్‌స్టాల్ చేయకుండానే టెస్ట్ డ్రైవ్

బండి కొనేముందు ఓ రౌండ్ వేసి చూస్తాం కదా.. లైనక్స్‌కు కూడా ఆ సదుపాయం ఉంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ లేదా బెలీనా ఎచర్‌తో ఐఎస్ఓ ఫైల్ ఎక్కించి, దాంతో ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే 'ట్రై' ఆప్షన్ వస్తుంది. డిస్క్‌ను ముట్టుకోకుండా లైనక్స్ నేరుగా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నవన్నీ చెరిగిపోతాయి, అది గుర్తుంచుకోండి. పైన చెప్పిన కీ చేతిలో ఉన్నాకే ఈ పని కూడా మొదలుపెట్టాలి.

అలా ఓ 20 నిమిషాలు వాడి చూడండి. వైఫై కనెక్ట్ అవుతోందా? స్పీకర్, మైక్ పనిచేస్తున్నాయా? వెబ్‌క్యామ్ వస్తోందా? బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కలుస్తున్నాయా? టచ్‌ప్యాడ్‌పై రెండు వేళ్లతో స్క్రోల్ అవుతోందా? మూత వేసి తీస్తే స్క్రీన్ మళ్లీ వెలుగుతోందా? అన్నీ ఓకే అయితే ఆ డిస్ట్రో మీ ల్యాప్‌టాప్‌కు సెట్ అయినట్టే. ఒకట్రెండు రాకపోతే ఇంకో డిస్ట్రోతో ఇదే టెస్ట్ చేయండి. ఫింగర్‌ప్రింట్ సెన్సర్ మాత్రం చాలా మోడల్స్‌లో లైనక్స్‌లో పనిచేయదు. దాని గురించి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

ధైర్యం చాలడం లేదా? దానికీ దారుంది

డిస్క్ జోలికే వెళ్లకుండా లైనక్స్ నేర్చుకోవచ్చు. విండోస్‌లోనే డబ్ల్యూఎస్ఎల్ అనే ఫీచర్ ఉంది. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే డిఫాల్ట్‌గా ఉబుంటునే వస్తుంది. టెర్మినల్, జీసీసీ, పైథాన్, గిట్.. ఫస్టియర్ ల్యాబ్ పనులకు ఇది ధారాళంగా సరిపోతుంది. పాడైతే తీసేసి మళ్లీ వేసుకోవచ్చు, విండోస్‌కు ఏమీ కాదు. ఒక సెమిస్టర్ ఇలా వాడి, అలవాటయ్యాక సెలవుల్లో డ్యూయల్ బూట్ చేసుకున్నా లేటేం కాదు.

డ్యూయల్ బూట్ చేశాక కనిపించే ఒక చిన్న తమాషా కూడా చెప్పుకోవాలి. లైనక్స్ నుంచి విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపించొచ్చు. ల్యాప్‌టాప్ పాడైందని భయపడొద్దు. లైనక్స్ గడియారాన్ని అంతర్జాతీయ సమయంలో పెడుతుంది, విండోస్ దాన్నే మన లోకల్ టైమ్ అనుకుంటుంది. మన దేశ సమయానికి ఆ తేడా సరిగ్గా 5.30 గంటలు. లైనక్స్‌లో ఒక్క కమాండ్‌తో సరిచేసుకోవచ్చు.

ఫైనల్‌గా..

ఫస్టియర్‌లో ఉన్నవాళ్లకు ఉబుంటు ఎల్‌టీఎస్ లేదా మింట్. ల్యాప్‌టాప్ మరీ కొత్తదై ఇబ్బంది పెడితే ఫెడోరా. కాలీ వర్చువల్‌బాక్స్‌లో. ఆర్చ్ తర్వాతి సంవత్సరాల్లో. విండోస్‌ను మాత్రం చదువు అయ్యేదాకా ఒక పక్కన ఉండనివ్వండి. సీనియర్ రేపు ఇంకో పేరు చెప్పొచ్చు.. ఎల్లుండి ఇంకోటి చెప్పొచ్చు. డిస్ట్రో ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. సీనియర్ పెన్‌డ్రైవ్ పట్టుకుని రూమ్‌లోకి వస్తే మాత్రం ముందు ఒక్కటే అడగండి.. 'అన్నా, ముందు నా బిట్‌లాకర్ కీ రాసుకుందామా?'